కొత్త మల్టీటూల్ కొన్నాక మొదటి ముప్పై రోజులు

చాకు, కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటివన్నీ ఒకే పిడిలోకి మడిచిన మల్టీటూల్ పెట్టె మీద అన్నిటికంటే పెద్దగా అచ్చువేసేది ఒక అంకె. 11 పరికరాలు, 14 పరికరాలు, 21 పరికరాలు. కొనేవాళ్లు మొదట అడిగేదీ అదే: "ఇందులో ఎన్నున్నాయండీ?" అడగాల్సిన ప్రశ్న అది కాదని నా గట్టి నమ్మకం. అంకె పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే జేబులోంచి బ్యాగులోకి, బ్యాగులోంచి టీవీ కింద సొరుగులోకి దిగుతుంది. సొరుగులో ఎంత మంచి పనిముట్టు ఉన్నా, గుమ్మం దగ్గర పార్సిల్ పట్టుకుని నిలబడ్డప్పుడు అది లేనట్టే లెక్క.

నెలలో ఎన్నిసార్లు బయటికి తీశాం, తీసినప్పుడు పని దాంతోనే అయిపోయిందా అన్నదే అసలు ప్రశ్న. జవాబు షాపులో దొరకదు, ముప్పై రోజులు వెంట ఉంచుకుంటే దొరుకుతుంది. గోడమీది క్యాలెండరు చాలు దీనికి. వాడిన రోజు గడిలో ఒక అక్షరం రాయండి: కత్తెర అయితే క, చాకు అయితే చ, మైనస్ స్క్రూడ్రైవర్ అయితే మై, స్టార్ అయితే స్టా, ప్లయర్ అయితే ప్ల. మొదలుపెట్టిన పని దాంతో కాక, లేచి వెళ్లి వేరే పనిముట్టు తెచ్చుకోవాల్సి వస్తే ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టండి. చేతిలో లేని పరికరం కావాల్సి వస్తే దాని అక్షరం కూడా రాసి సున్నా చుట్టాలి. నెలాఖరుకి ఆ సున్నాలే చాలా విషయాలు చెబుతాయి.

ముందు ఆ పెట్టె మీది అంకె ఎలా వస్తుందో చూద్దాం. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ వారి సూపర్ టింకర్‌నే తీసుకుందాం, మంచి సరుకు కాబట్టి. 91 మి.మీ. పొడవు, 80 గ్రాముల పైచిలుకు బరువు, 14 పనులు అని రాసి ఉంటుంది. లెక్కపెట్టండి: పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా ఓపెనర్, దాని కొసన 3 మి.మీ. మైనస్ ముక్కు, సీసా ఓపెనర్, దాని కొసన 6 మి.మీ. మైనస్ ముక్కు, ఆ ఓపెనర్ మొదట్లో వైరు తొడుగు తీసే గాడి, ఆరె (బెజ్జాలు వేసే మొన), కత్తెర, స్టార్ స్క్రూడ్రైవర్, కొక్కెం, పళ్లపుల్ల, శ్రావణం, తాళాల రింగు. రింగు కూడా ఒక పనే! విప్పుకునే రేకులు నిజానికి ఎనిమిదే. ఆ ఎనిమిదీ బాగా పనిచేస్తాయి కాబట్టి పద్నాలుగు అనడం వల్ల నష్టం లేదు. కానీ ఇదే లెక్క నాసిరకం సరుకు మీదికి వచ్చేసరికి, స్కేలు గీతలు, గోళ్ల ఆకురాయి, అదే మైనస్ ముక్కు మూడు సైజుల్లో కలిపి 15 అయిపోతుంది.

అసలు ఈ పనిముట్లు పుట్టిందే ఫలానా పని అని తేల్చుకున్నాక. స్విస్ సైన్యం 1889 నాటి కొత్త రైఫిల్‌ని విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బాల్లో వచ్చే తిండిని తెరవడానికి ఓపెనర్ కావాలి. అందుకని సిపాయి చాకులో పెట్టినవి నాలుగే: బ్లేడు, ఆరె, డబ్బా ఓపెనర్, మైనస్ ముక్కు. అక్కడి ఇబాఖ్ ఊళ్లో కత్తుల పనివాడు, విక్టోరినాక్స్ స్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ 1891లో వాటిని సైన్యానికి అందించడం మొదలుపెట్టాడు. రెండో బ్లేడు, బిరడా తీసే మర చేర్చిన తేలికపాటి ఆఫీసర్ల చాకు 1897లో వచ్చింది. ప్లయర్ కథ వేరు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారేసుకుని యూరప్ తిరుగుతూ, దాని రిపేర్లకు తన జేబులోని చాకు చాలక, అందులో ప్లయర్ కూడా ఉంటే బాగుండుననుకున్నాడు. అతని మొదటి పనిముట్టు అమ్మకానికొచ్చింది 1983లో. ఒకరికి రైఫిలు, ఒకరికి కారు. మన పనులేమిటో తేల్చుకోకుండా వాళ్ల పనుల జాబితాని మనం కొనుక్కుంటున్నాం.

తెలుగువాళ్ల ఇంట్లో డబ్బా ఓపెనర్ పని ఏడాదికి రెండుసార్లు, మిల్క్‌మెయిడ్‌కో రసగుల్లా డబ్బాకో. బిరడా మర పని అంతకన్నా తక్కువ. రోజూ చేతికి కావాల్సింది కత్తెర. ఈ మాట చాలామందికి నచ్చదు, మల్టీటూల్ అంటే బ్లేడే అన్న ఊహ వల్ల. కానీ ఒక్కరోజు గమనించండి. పొద్దున్నే పాల ప్యాకెట్. తర్వాత టాబ్లెట్ల షీటు, ఒకటి విడిగా కత్తిరించి పర్సులో పెట్టుకోవడానికి. షాంపూ ప్యాకెట్ తడిచేతికి చిరగదు. కొత్త చొక్కా ట్యాగు, జాకెట్టు కుట్టు దగ్గర వేలాడే దారం, మూర పూలు తెచ్చాక మిగిలిన దారం, పచ్చడి ప్యాకెట్, పిల్లల చార్టు. వీటిలో ఏదీ బ్లేడుతో చేయలేనిది కాదు, కానీ బ్లేడుతో చేస్తే కింద ఏదో ఆనాలి, లేకపోతే వేలు ఆనుతుంది. కత్తెర గాల్లోనే పని చేస్తుంది. నలుగురిలో తీసినా ఎవరూ ఉలిక్కిపడరు, అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన సుగుణమే. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ముక్కని పూర్తిగా తెంచకుండా కొసన అంటిపెట్టుకుని ఉండనివ్వండి. ఆ చిన్న ముక్కలు చెత్తలో విడిగా ఏరడానికి ఎవరికీ దొరకవు.

కత్తెరలో తెగిపోయేది స్ప్రింగు. విక్టోరినాక్స్ కత్తెరలో అది సన్నని వంపు రేకు, మందపాటి అట్టనో తోలునో బలవంతంగా నొక్కితే విరుగుతుంది. విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. నాసిరకంలో స్ప్రింగు విరిగితే కత్తెర పని అక్కడితో సరి. కొనేముందే పలచటి టిష్యూ కాగితం కత్తిరించి చూడండి. మొదలు నుంచి కొసదాకా తెగాలి. కొసన నమిలినట్టు మడతపడితే రెండు రేకుల మధ్య సందు ఉన్నట్టు, అది సానపడితే పోయే లోపం కాదు.

రెండో స్థానం మైనస్ ముక్కుది. మన ప్లగ్గులు, హోల్డర్లు, పాత స్విచ్‌బోర్డులు ఇంకా చాలావరకు మైనస్ స్క్రూల మీదే నడుస్తున్నాయి. ఇక్కడ ఒక పని మొదలు నుంచి చివరిదాకా చెబుతాను, ఎందుకంటే మల్టీటూల్ బలమూ బలహీనతా రెండూ ఇందులో కనిపిస్తాయి.

మిక్సీ త్రీపిన్ ప్లగ్‌లో వైరు వదులైంది. ముందు ప్లగ్‌ని సాకెట్‌లోంచి పూర్తిగా బయటికి లాగాలి, స్విచ్ ఆపితే చాలదు. మల్టీటూల్ పిడి మీద ప్లాస్టిక్ చెక్కలున్నా అది ఇన్సులేషన్ కాదు. ముక్కు నుంచి లోపలి స్ప్రింగు దాకా, వెనక రింగు దాకా అంతా ఒకే లోహం. 230 వోల్టుల ముందు అది చేతిలో పట్టుకున్న మేకుతో సమానం. బోర్డులో కరెంటు ఉందో లేదో చూడాల్సివస్తే టెస్టరే వాడాలి, ఆ పనికి ఏ మల్టీటూలూ సాటి రాదు.

ప్లగ్ మధ్యలోని పెద్ద స్క్రూ 6 మి.మీ. ముక్కుతో వస్తుంది. మూత తీశాక, వైరుని నొక్కిపట్టే బద్దకి రెండు చిన్న స్క్రూలు, పిన్నులకు మూడు. వీటికి 6 మి.మీ. ముక్కు వెడల్పు ఎక్కువ, గోడలకి తగులుతుంది. డబ్బా ఓపెనర్ కొసనున్న 3 మి.మీ. ముక్కు పట్టాలి. ఇబ్బంది ఇక్కడే. ఆ ముక్కు పిడికి సూటిగా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్‌లా వేళ్లతో గిర్రున తిప్పితే జారి గాడి చెడుతుంది. చూపుడువేలు పిడి చివర ఆనించి కిందికి నొక్కుతూ, పావు చుట్టు చొప్పున తిప్పాలి. నిదానంగా సాగే పని, కానీ అవుతుంది.

వైరు కొస నల్లబడి ఉంటే ఆ ముక్క తెంచి పారేయండి. మాడిన రాగి మీద స్క్రూ ఎంత బిగించినా పట్టు కుదరదు, మళ్లీ అక్కడే వేడెక్కుతుంది. తెంచడానికి కత్తెర వాడొద్దు, రాగికి అంచు నొక్కుకుపోతుంది. వైరుని చెక్క మీద పెట్టి పెద్ద బ్లేడు మొదలుతో నొక్కితే తెగుతుంది. పై తొడుగు 3 సెం.మీ., లోపలి వైర్ల తొడుగు 8 మి.మీ. దాకా తీయాలి. బ్లేడుని వైరు మీద ఆనించి, వైరుని వేలితో ఒక చుట్టు దొర్లించండి. గీత పడితే చాలు, మిగతాది లాగితే ఊడివస్తుంది. లోపల సన్నని రాగి పోగులు ఇరవై దాకా ఉంటాయి, వాటిలో నాలుగైదు తెగితే కరెంటు భారం మిగిలినవాటి మీద పడుతుంది. పోగుల్ని కుడివైపుకి మెలితిప్పి, మధ్యకి మడిచి, పిన్ను బెజ్జంలోకి పెట్టి బిగించాలి. ఆకుపచ్చది ఎర్తు, పెద్ద పిన్నుకి. ఎరుపు లేదా గోధుమరంగు ఫేజు, నలుపు లేదా నీలం న్యూట్రల్, లోపల ఎల్, ఎన్ అని అచ్చు ఉంటుంది. ఆకుపచ్చ వైరుని మిగతా రెండిటికంటే ఒక సెంటీమీటరు పొడవుగా ఉంచండి. ఎవరైనా వైరు పట్టుకుని ప్లగ్‌ని లాగేస్తే అన్నిటికంటే చివర ఊడాల్సింది ఎర్తే. చివరిగా బద్ద స్క్రూలు పై తొడుగు మీద పడేలా బిగించాలి, లోపలి సన్న వైర్ల మీద కాదు.

ఇదంతా టూల్‌బాక్స్ ఉంటే ఏడెనిమిది నిమిషాల పని, మల్టీటూల్‌తో పదిహేను పడుతుంది. ఆ తేడాని నేను లోపంగా చూడను. వంటింట్లో నిలబడిన చోటే పని అయిపోయింది, లేకపోతే మిక్సీ వారం రోజులు పక్కన పడి ఉండేది.

స్టార్ స్క్రూల సంగతికొస్తే జాగ్రత్త ఎక్కువ కావాలి. స్టార్ అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. మామూలుగా కనిపించే స్టార్ రకం ఫిలిప్స్. ఫిలిప్స్‌లో రెండో నంబరు ముక్కు ఇంటి స్క్రూలకు, ఒకటో నంబరు బొమ్మల బ్యాటరీ మూతలకు. జపాను డిజైను బైకుల మీద కనిపించే స్టార్ చూడ్డానికి ఫిలిప్స్‌లానే ఉంటుంది కానీ గాడి లోతు, వంపు వేరు. ఫిలిప్స్ ముక్కు అందులో పూర్తిగా దిగదు, గట్టిగా తిప్పితే పైకి ఎగదన్ని గాడిని తినేస్తుంది. ఫిలిప్స్ మరకి ఆ ఎగదన్నే గుణం ఎలాగూ ఉంది, దానికి ఇది తోడవుతుంది. కార్బ్యురేటర్ మూత దగ్గరో క్లచ్ కవరు దగ్గరో మల్టీటూల్ పెట్టి ప్రయత్నించొద్దు. రెడీమేడ్ ఫర్నిచర్ పెట్టెల్లో వచ్చే స్క్రూల మీద నాలుగు చేతుల మధ్య సన్నగీతలు మరో నాలుగు కనిపిస్తే అది పోజిడ్రైవ్, దానికి దాని ముక్కే కావాలి.

సూపర్ టింకర్‌లో స్టార్ వెనకవైపు మధ్యలోంచి నిలువుగా లేస్తుంది, పిడి అడ్డంగా చేతికి వస్తుంది. పట్టు చాలా బాగుంటుంది, బిగుసుకున్న స్క్రూ కూడా కదులుతుంది. కానీ లోతు గుంటలో ఉన్న స్క్రూకి అందదు, గోడ మూలకి దగ్గరగా ఉన్నదానికి పిడి తిరగడానికి చోటుండదు. క్యాలెండరు మీద "స్టా" చుట్టూ సున్నాలు ఎక్కువ పడేది ఇందుకే. లెదర్‌మన్ బిట్ డ్రైవర్ (ముక్కులు మార్చుకునే స్క్రూడ్రైవర్) సూటిగా ముందుకి ఉంటుంది కాబట్టి లోతుకి కొంచెం మెరుగు. అయితే దాని బిట్లు చదునుగా నొక్కినట్టుంటాయి. రాణిగంజ్‌లో దొరికే ఆరు పలకల పావు అంగుళం బిట్లు నేరుగా అందులో పట్టవు, కొనేముందు ఇది తెలిసి ఉండాలి.

ఆరెని పట్టించుకునేవాళ్లు తక్కువ, నాకు మాత్రం దాని మీద ప్రత్యేకమైన ఇష్టం. బెల్టుకి కొత్త బెజ్జం వేయడం దాని అసలు పని. పాత బెజ్జాల మధ్య దూరం కొలిచి, మామూలుగా 2.5 సెం.మీ. ఉంటుంది, అంతే దూరంలో మధ్యగీత మీద పెన్నుతో చుక్క పెట్టండి. బెల్టు కింద చెక్క ముక్క, దానిమీద పాత రబ్బరు చెప్పు ముక్క ఉంచండి, మొన దిగాక దానికి చోటు ఉండాలి. ఆరెకి ఒక పక్కే పదును ఉంటుంది. గుచ్చి ఊరుకుంటే తోలు చీలి మళ్లీ మూసుకుంటుంది. నొక్కుతూ పదునున్న వైపుకి తిప్పితే తోలుని కొరుక్కుంటూ గుండ్రటి బెజ్జం చేస్తుంది. సగం దిగాక బెల్టు తిరగేసి అవతలి నుంచి అదే పని చేయాలి, అప్పుడు అంచు చింపిరిగా ఉండదు. ఆరెకి లాకు లేదు, పక్కకి ఒరిగితే వేళ్ల మీదికి మూసుకుంటుంది. నిలువుగా నొక్కండి, రెండో చెయ్యి ముక్కుకి ఎదురుగా పెట్టకండి.

ఇక ప్లయర్. అన్నిటికంటే పెద్ద చర్చ ఇదే. నా మాట సూటిగా చెబుతాను: నగరంలో ఉద్యోగం చేసుకునే మనిషి జేబులో ప్లయర్ అవసరం లేదు, బండి డిక్కీలో అవసరం ఉంది. లెదర్‌మన్ వేవ్ ప్లస్ 241 గ్రాములు. పలచని ప్యాంటు జేబులో అది నడిచినప్పుడల్లా తొడకి కొట్టుకుంటుంది, కుట్టు నెల తిరక్కుండా సాగుతుంది. అదే కంపెనీ స్కెలిటూల్ 142 గ్రాములు, భరించదగిందే, కానీ అందులో కత్తెర లేదు. రోజూ పనికొచ్చే కత్తెరని వదులుకుని అప్పుడప్పుడూ పనికొచ్చే ప్లయర్‌ని మోయడం నాకు సరైన బేరంగా తోచదు.

ప్లయర్ ఉంటే జరిగే మేలు కాదనలేనిది. హవాయి చెప్పు బద్దె ముందరి గుండీ బెజ్జంలోంచి ఊడిందనుకోండి. వేళ్లతో అది లోపలికి పోదు. గుండీకి, బెజ్జానికి సబ్బునీళ్లు పూసి, చెప్పు కిందివైపు నుంచి సన్నముక్కు ప్లయర్‌ని బెజ్జంలోంచి పైకి దూర్చి, గుండీని ఒక అంచు పట్టుకుని కాస్త ఏటవాలుగా కిందికి లాగితే టప్పున దిగుతుంది. గుండీ మధ్యలో పట్టుకుని సూటిగా లాగితే మెడ దగ్గర తెగుతుంది, అప్పుడు పిన్నీసే గతి. అలాగే బకెట్ పిడి తీగ వంచడానికి, ఊడిన జిప్పు రన్నర్‌ని రెండు పక్కలా సమంగా నొక్కి బిగించడానికి, గడియారం మేకు ఊడలాగడానికి. కానీ దాంతో బోల్టులు విప్పొద్దు. ప్లయర్ నోరు తెరిచినప్పుడు రెండు దవడలూ సమాంతరంగా ఉండవు, వీ ఆకారంలో ఉంటాయి. 10 మి.మీ. బోల్టు తలని మూలల దగ్గర మాత్రమే పట్టి గుండ్రం చేసేస్తుంది, తర్వాత 10-11 పానా తెచ్చినా పట్టదు. బ్రేకు కేబుల్ లోపలి ఉక్కుతీగని మామూలు కట్టర్ భాగంతో తెంచితే అంచు గంటు పడుతుంది. వేవ్ ప్లస్‌లో ఆ కట్టర్ ముక్కలు మార్చుకునే వీలుంది, గంటు పడినా పనిముట్టు మొత్తం పోదు.

బ్లేడు గురించి చెప్పాల్సింది ఏం చేయకూడదన్నదే ఎక్కువ. మన వంటింటి అలవాటు కత్తిపీటది, అక్కడ కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. జేబు చాకు దగ్గర కత్తి కదులుతుంది, పైగా దానికి లాకు ఉండకపోవచ్చు. మొనతో పొడిస్తే వెనక్కి మడుచుకుని వేళ్ల మీద పడుతుంది. పార్సిల్ టేపు కోసేటప్పుడు మొన 3 మి.మీ. మించి దిగనివ్వకండి, లోపల చొక్కా ఉంటే దానికీ కోత పడుతుంది. అట్టపెట్టెలు పొడవునా కోస్తే బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది, అట్టలో సన్నటి ఇసుక, సుద్దలాంటి పొడి కలిసి ఉంటాయి. టేపు వరకే కోసి, అట్టని చేత్తో విప్పడం మేలు. బియ్యం బస్తా కుట్టు కొయ్యనక్కర్లేదు. అది గొలుసుకుట్టు, ఒక కొసన ముడి కత్తెరతో తెంచి దారం లాగితే మొత్తం ఊడివస్తుంది. ఒక కొస నుంచి రాకపోతే రెండో కొస నుంచి వస్తుంది.

మొనతో మూతలు ఎగదోయడం వల్లే ఎక్కువ బ్లేడులు విరుగుతాయి. కారణం ఉక్కులోనే ఉంది. విక్టోరినాక్స్ బ్లేడు గట్టితనం రాక్‌వెల్ సి కొలతలో 56, కత్తెర 53, స్క్రూడ్రైవర్లు, ఓపెనర్లు 52, స్ప్రింగులు 49. గట్టిది పదును నిలుపుకుంటుంది కానీ వంగడం తెలియదు, వంచితే విరుగుతుంది. కొంచెం మెత్తనిది వంగి తిరిగి నిలబడుతుంది. పెయింటు డబ్బా మూతకి 6 మి.మీ. మైనస్ ముక్కుని వాడమని ఆ అంకెలే చెబుతున్నాయి. గ్యాస్ సిలిండర్ వాల్వు లోపలి రబ్బరు రింగుని మాత్రం ఏ మొనతోనూ కెలకొద్దు. దానికి చిన్న గీత పడినా గ్యాస్ కారుతుంది. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, మూత బిగించి, కిటికీలు తెరిచి గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కి ఫోను చేయాలి.

"స్టెయిన్‌లెస్ అన్నారు, తుప్పు పట్టిందేమిటి?" అని విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తరచుగా అడుగుతుంటారు. వంటింటి స్టీలు గిన్నెలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అది తుప్పు పట్టదు, కానీ దాన్ని కత్తిగా చేస్తే పదును నిలవదు. చాకు బ్లేడు ఉక్కులో క్రోమియం 14 శాతం చుట్టుపక్కల, నికెల్ లెక్కలోకి రాదు, పదును కోసం కార్బన్ అరశాతం పైన. గట్టితనం కోసం తుప్పుని ఆపే శక్తిలో కొంత వదులుకున్నారన్నమాట. చెమటలోని ఉప్పు, సముద్రగాలి, మామిడికాయ పులుపు కలిస్తే చుక్కలు చుక్కలుగా మరక పడుతుంది. ముఖ్యంగా కీలు దగ్గర, ఎందుకంటే తడి అక్కడ ఆరదు.

వారానికోసారి అన్ని రేకులూ విప్పి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, నీళ్లలోనే ఒక్కోటి పది పదిహేనుసార్లు తెరిచి మూయాలి. పాత టూత్‌బ్రష్‌తో లోపలి గాళ్లలోని నూలు, దుమ్ము తీయాలి. ఆ నూలే పేరుకుని బ్లేడు పూర్తిగా మూసుకోకుండా చేస్తుంది. విదిలించి, తుడిచి, ఫ్యాన్ కింద గంటసేపు తెరిచి పెట్టి, ఒక్కో కీలుకి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె వద్దు. చలికాలం గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగటపడి దుమ్ముని పట్టుకుంటుంది, చీమలకి దారి చూపిస్తుంది. బ్లేడు మీద టేపు జిగురో పనస పాలో అంటుకుంటే దాన్ని వదిలించడానికి మాత్రం కొబ్బరినూనె దివ్యంగా పనిచేస్తుంది, తర్వాత సబ్బుతో కడిగేయాలి.

పదును పెట్టడానికి వీధిలో సైకిలు సాన మనిషికి ఇవ్వొద్దు. కత్తిపీటకి అతని చెయ్యి మంచిదే. రెండు మి.మీ. మందం బ్లేడు మాత్రం ఆ పొడి చక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచున నీలిరంగు తేలితే అక్కడ గట్టితనం పోయినట్టే, ఇక ఎన్నిసార్లు సానపట్టినా పదును రెండు రోజులే. ఇంట్లో సన్నరకం సానరాయి, అదీ లేకపోతే పింగాణీ కప్పు అడుగున గ్లేజు లేని గరుకు అంచు చాలు. బ్లేడు వెన్ను రాయికి దాదాపు 4 మి.మీ. ఎత్తులో ఉంటే కోణం 15 నుంచి 20 డిగ్రీల మధ్యకి వస్తుంది. పలచని ముక్క చెక్కుతున్నట్టు ముందుకి తోయాలి, ఒక్కో వైపు ఎనిమిది పదిసార్లు, బరువు వేయకుండా. కోణం మధ్యలో మారితే అంచు గుండ్రమవుతుంది, చాలామందికి పదును రాకపోవడానికి కారణం రాయి కాదు, ఇదే.

ఫుట్‌పాత్ మీద, ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి వచ్చే వాటి సంగతీ చెప్పాలి. దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, కొసన వెలుతురు కనిపిస్తే అది వెంట్రుకని కూడా పట్టలేదు. బ్లేడు తెరిచి పక్కకి ఊపండి, కదిలితే రివెట్టు వదులు, నెలలో ఇంకా వదులవుతుంది. మూసేటప్పుడు చివర్లో టక్కున లోపలికి లాగాలి. అలా లాగకపోతే స్ప్రింగు లేదు, జేబులో తనంతట తాను తెరుచుకుంటుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. స్టార్ ముక్కు రేకుని నొక్కి చేసినట్టు చదునుగా ఉంటే నాలుగు చేతుల్లో రెండే స్క్రూని తాకుతాయి. ఆ డబ్బుతో మంచి టెస్టరు, మంచి కత్తెర విడివిడిగా కొనుక్కోవడం తెలివైన పని.

ఇంకో సంగతి, జేబు పనిముట్టు అన్నప్పుడు జేబు ఉందన్న ఊహ అందులోనే ఉంది. పంచెకి జేబు లేదు, చీరకి లేదు, చాలా చుడీదార్లకి లేదు. అయినా మనవాళ్లు పనిముట్లు వెంట లేకుండా తిరగలేదు. గాజులకి పిన్నీసులు, మొలతాడుకి ముల్లు తీసే శ్రావణం, వక్కాకు సంచిలో అడకత్తెర, సున్నపుకాయ. ఒంటిమీద ఎక్కడ చోటుంటే అక్కడ, ఎంత చిన్నదైతే అంత. ఆ లెక్కకి సరిగ్గా సరిపోయేది విక్టోరినాక్స్ వారి 58 మి.మీ. క్లాసిక్. 20 గ్రాముల పైచిలుకు బరువు, చిన్న బ్లేడు, కత్తెర, ముక్కున మైనస్ ఉన్న గోళ్ల ఆకురాయి, శ్రావణం, పళ్లపుల్ల. తాళంగుత్తికి తగిలిస్తే ఉన్నట్టే తెలియదు. దాని ముక్కుతో ప్లగ్ పెద్ద స్క్రూ రాదు, ఆ ఒక్కటీ తప్పిస్తే రోజువారీ జాబితాలో ముప్పావు భాగం అయిపోతుంది.

చట్టం విషయంలో మన దేశంలో ఇంటి పనులకు సంబంధం లేని 9 అంగుళాలు దాటిన లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులకు ఆయుధాల నిబంధనలు వర్తిస్తాయి. ఈ బ్లేడులు 8 సెం.మీ. లోపే. అయినా మెట్రో స్టేషన్ దగ్గరో సినిమా హాలు దగ్గరో తనిఖీలో ఆపొచ్చు, వాదించడం కన్నా ఆ రోజు ఇంట్లో ఉంచి వెళ్లడం సుఖం. విమానంలో క్యాబిన్ బ్యాగులో ఎంత చిన్న బ్లేడైనా కుదరదు, లగేజీలో వేయాలి. అమెరికాలో చిన్న చాకుల్ని అనుమతిస్తామని 2013 మార్చిలో ప్రకటించి, జూన్‌లో ఆ ఆలోచన మానుకున్నారు. తాళంగుత్తికి తగిలించినది మర్చిపోయి సెక్యూరిటీ దగ్గర వదిలేసుకునేవాళ్లే ఎక్కువ, కాబట్టి పాస్‌పోర్టు తీసే రోజే దాన్ని విప్పి పెట్టెలో పడేయండి. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ మడిచే చాకు అంచు 3 అంగుళాల లోపు, లాకు లేనిదైతేనే కారణం అడగకుండా వెంట ఉంచుకోవచ్చు. లాకు ఉన్న బ్లేడు ఎంత చిన్నదైనా సరైన కారణం చూపాలి. వేవ్ లాంటివాటికి లాకు ఉంటుంది.

ముప్పయ్యో రాత్రి క్యాలెండరు దించి అక్షరాలు లెక్కపెట్టండి. "క"లు అన్నిటికంటే ఎక్కువ, "మై"లు నాలుగైదు ఉండి, సున్నాలు రెండు మూడుకి మించకపోతే మీ దగ్గర ఉన్నదే చాలు. "క"లు తప్ప మరేమీ లేకపోతే 58 మి.మీ.కి దిగిపోండి, మిగతా బరువు ఊరికే మోస్తున్నారు. "స్టా"ల చుట్టూ సున్నాలు ఎక్కువుంటే పెద్ద మల్టీటూల్ కొనడం కాదు, రెండో నంబరు పొడుగు స్టార్ ఒకటి కొని ఫ్రిజ్ పైన పెట్టుకోండి. "ప్ల" చుట్టూ సున్నా ఆరేడుసార్లు పడి, అందులో సగం బండి దగ్గరే అయితే, ప్లయర్ ఉన్నది తీసుకుని ఒక చుక్క నూనె వేసి, గుడ్డలో చుట్టి డిక్కీలో 10-11 పానా పక్కన ఉంచండి.